వెంగమ్మ బిడ్డకు గురువును వెతికిన కత

వెంగమ్మ మొగుడు పోయి పదకొండో దినం ఇంకా కాలేదంట, గుడి పెద్దమనుషులు ముగ్గురొచ్చి వాళ్ల పంచలో కూచున్నారు. పలకరించేదానికి వచ్చినారేమో అనుకుంది ఆయమ్మ. చెంబుతో నీళ్లిచ్చింది. ఆ నీళ్లు తాగి, మూతి తుడుచుకోని, అప్పుడు మొదలుపెట్టినారు. వాళ్లది సన్నాయోళ్ల ఇల్లు అనుకో. చిన్నకొండ మీద నరసింహసామికి దినామూ పొద్దన్నే మేలుకొలుపు ఊదాల. ఊదినందుకు గుడోళ్లు మూడెకరాల చేనిచ్చినారు, ఉండేదానికి ఆ ఇల్లిచ్చినారు. తాతల కాలం నించి అంతే. ఊదే మనిషి ఆ ఇంట్లో ఉన్నంతకాలం చేను వాళ్లది, ఇల్లు వాళ్లది. లేడనుకో, రెండూ గుడికి తిరిగిపోతాయి. ఇప్పుడు ఊదే మనిషి పాయ. అదీ వాళ్లొచ్చిన పని. నీకు మగబిడ్డ లేకపాయ గదా వెంగమ్మా, మేమేం చేసేది చెప్పు, అన్నారంట. ఆయమ్మ తల పైకెత్తి, ఆడబిడ్డ ఉంది గదయ్యా, అనె. ఉంది నిజమే. పెంచలమ్మ అని పదమూడేండ్ల పిల్ల. ఆడపిల్ల సన్నాయి ఊదేదేందమ్మా, యాడన్నా ఉందా, అన్నాడొక పెద్దాయన. వెంగమ్మకు మొగుడు పోయిన దుక్కమంతా కోపమైపాయ. సామికి కావాల్సింది సన్నాయి. ఊదేది మగోడా ఆడదా అని సామి తలుపు సందులోనించి తొంగిచూస్తాడా, మీరు చూసినారా, అని అడిగింది. చివరికి ఏమన్నారంటే, సరేమ్మా, యేడాది గడువిస్తాం. వచ్చే తిరనాల పొద్దన నీ కూతురు సామి ముందర నిలబడి మేలుకొలుపు తప్పుల్లేకుండా ఊదాల. ఊదితే చేనూ ఇల్లూ మీకే. ఊదలేకపాయనా, ఆ సాయంత్రానికి ఇల్లు కాళీ చెయ్యాల. అంతవరకూ సన్నాయికి బదులు గంట కొట్టుకుంటాం, అని లేచి పోయినారు.

ఇంగ చూడు ఆయమ్మ అవస్త. పాపకు ఏమొచ్చు? నాయన లేనప్పుడు సన్నాయి తీసుకోని పీపీ అని ఊది, ఎవురన్నా వస్తాంటే దించేసేది. అంతే. నాయన నేర్పుదాం నేర్పుదాం అనుకుంటానే పాయ. మనోళ్లందరిదీ అదే తంతు గదా, రేపు చేద్దాంలే అంటాం. ఇప్పుడు పరాయి గురువును వెతకాల. వెంగమ్మకు ఒక తమ్ముడుండె, పుల్లన్న అని, డోలు కొడతాడు. వాన్ని పిలిచి, ఎవురి కాడికి తీసకపోదాంరా అని అడిగితే, వాడు ఎనకాముందూ చూడకుండా, ఇంకెవురుక్కా, గుర్రప్ప, అనె. గుర్రప్పంటే ఆ నాలుగు తాలూకాల్లో పేరు. ఎద్దుకున్నట్ల రొమ్ము, చెవులకు ఎర్రరాళ్ల పోగులు, పట్టు ఉత్తరీయం. పెండ్లోళ్లు అయ్యవారిని ముహూర్తం అడిగే ముందు గుర్రప్పను తేదీ అడుగుతారంట, నేను చెప్పేది కాదు, అప్పట్లో అందరూ అనుకునేవాళ్లు. సరే, తల్లీ బిడ్డా పుల్లన్నా కలిసి పోయినారు. అయితే ఈడ ఒక సంగతుంది, వినండి. వాళ్లలో ఒక పద్ధతి. గురువు చేతిలో తాంబూలం పెట్టి కాళ్లకు మొక్కితే ఇంగ ఆయనే గురువు. మంచోడైనా చెడ్డోడైనా, వచ్చినా రాకపోయినా, ఇంకొకరి కాడికి పోకూడదు. పోతే గురువును తన్నినట్టంట. అందుకని వెంగమ్మ ఏం చేసిందంటే, ఆకూవక్కా కొంగులోనే ముడేసుకోని, అన్నా, ఒక నెల పాపను కూచోబెట్టి చూస్తాను, తరవాత తాంబూలం పెడతాను, అనేసింది. పుల్లన్నకు తల కొట్టేసినట్టయింది. యేందక్కా, గురువును పరీచ్చ చేస్తావా, అని గొణిగినాడు. ఏరా, చీపురుకట్ట కొనేటప్పుడే ఇదిలించి చూస్తామే, బిడ్డ బతుకు అప్పజెప్పేటప్పుడు చూడకూడదా, అనె ఆయమ్మ. గుర్రప్ప పెద్దగా నవ్వి, చూసుకోమ్మా చూసుకో, నన్ను చూసేదానికి జనం బండ్లు కట్టుకోని వస్తారు, నువ్వు ఊరికే చూస్తావు, అన్నాడంట.

నెల చూసింది. ఏం చూసింది? గుర్రప్ప పొద్దన్నే పంచలో కూచోని ఊదుతాడు. ఆహా, అది ఊదడమా! నడిచిపోయేటోళ్లు దోవలోనే నిలబడిపోతారు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతాంటే ఆయన పెండ్లామే లేసిపోదు. పెంచలమ్మ ఎదురుగ్గా కూచోని నోరు తెరుచుకోని వింటాది. ఊదడం అయిపోతానే గుర్రప్ప, చూసినావా పాపా, అట్ల ఊదాల, అంటాడు. అనేసి లేసి సద్దికి పోతాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాప ఒగదినం దైర్యం చేసి సన్నాయి మూతికి పెట్టుకుంటే, అట్లకాదు పాపా, ఇట్ల, అని ఆ సన్నాయి లాక్కోని ఆయనే ఊదబట్టె. ఊదతా ఊదతా పాప ఉన్న సంగతే మర్చిపాయ. ముప్పై దినాలు అయిపోయినాయి. ఇంటికొచ్చినాక వెంగమ్మ, ఊదు పాపా ఏం వచ్చిందో, అంటే ఆ పిల్ల కండ్లల్లో నీళ్లు పెట్టుకోని, మా, ఆయన ఎంత బాగా ఊదతాడో చెప్పమంటే చెప్తాను, నాకు ఊదేది మాత్రం రాలేదు, అనె. మర్నాడు వెంగమ్మ పోయి, ఆకూవక్కా పెట్టకుండానే గుర్రప్పకు దండం పెట్టి వచ్చేసింది. దండం పెట్టినా ఏం లాభం? గుర్రప్ప ఇంటికొచ్చి తాంబూలం తిరిగి పట్టుకపోయినోళ్లు అంతవరకూ పుట్టలేదు. ఆయన మొగం ఎట్ల మాడిపోయిందో అనుకోండి.

రెండో ఆయన తిరుపాలు. ఈయన ఊదేది అంతంత మాత్రమే గానీ నేర్పేదాంట్లో బో గట్టోడని పేరు. ఇరవై మంది పిల్లకాయలు ఆయన వసారాలో. చేతిలో చింతబరికె. ఒక వరస చెప్తాడు, ఇరవై మందీ ఒక్కసారే ఊదాల. తప్పితే చేతి మీద చురుక్కుమంటాది. ఎవురు తప్పినారో ఆయనకూ తెలీదు, అందుకని వరసగా అందరికీ పెడతాడు. కత వింటా ఎందుకు నవ్వుతావురా ఓబులేసూ, నువ్వు చదువుకున్న బడి కూడా అట్లాంటిదే గదా. ఈడ గూడా వెంగమ్మ తాంబూలం పెట్టకుండా, చూస్తానయ్యా, అనె. మూడు నెలలైంది. పాపకు వరసలన్నీ వచ్చినాయి, మేలుకొలుపు సగం వచ్చింది. వెంగమ్మకు బో సంతోసమైంది. ఆకూవక్కా, రెండు కొబ్బరికాయలు గూడా తెచ్చి పెట్టుకుంది, రేపు పెట్టేద్దామని. ఏమైందంటే, ఆ సాయంత్రం పుల్లన్న డోలు తెచ్చుకోని, ఊదు పాపా, నేను కొడతాను, అన్నాడు. పాప సన్నాయి ఎత్తింది. ఎత్తి, అట్లే నిలబడిపాయ. ఊదు పాపా. ఊదదు. ఊదు మే. పక్కకు చూస్తాది. ఎవుర్ని చూస్తాండావే అంటే, ముందర ఎవురన్నా మొదలుపెడితే అందుకుంటాను మామా, అనె. అప్పుడు తెలిసింది. ఇరవై మందిలో కలిసి ఊది ఊది, ఆ పిల్లకు ఒంటిగా ఒక్క ఊపిరి తీసేది రాలేదు. పక్కనోడు ఊదితే ఊదుతాది, వాడు ఆపితే ఆపుతాది. తప్పో ఒప్పో గూడా దానికి తెలీదు, ఎందుకంటే దాని సన్నాయి దానికే ఎన్నడూ వినపడలేదు. సామి ముందర ఒంటిగా గదా నిలబడాల్సింది. వెంగమ్మ ఆ కొబ్బరికాయలు పగలగొట్టి పచ్చడి చేసేసింది.

అట్ల చూస్తాండగానే అయిదు నెలలు కరిగిపాయ. ఊర్లో ఒకటే గుసగుస. వెంగమ్మకు పొగరు, ఇద్దరు గురువులను ఇడిసిపెట్టింది, ఇంగ సామే కొండ దిగొచ్చి నేర్పాల, అని ఎక్కిరించేవాళ్లు. ఆయమ్మకు దిగులు పట్టుకుంది. మొగుడి సన్నాయి గోడకు తగిలించుకోని దానికల్ల చూస్తా కూచునేది. ఇల్లు పోతే యాడికి పోవాల? తమ్ముడి ఇంట్లో ఇద్దరు అదనమైతే మరదలు ఎన్ని దినాలు ఊరుకుంటాది? బిడ్డను ఎవురింట్లో పనికి పెట్టాల? ఇదే ఆలోచన. అన్నం గూడా సయించేది కాదంట.

అప్పుడే ఒక పెండ్లి వచ్చింది. పక్కూర్లో రెడ్డోళ్ల పెండ్లి. వెంగమ్మ వంటకాడ సాయానికి పోయింది. మేళం ఎవురిది? గుర్రప్పదే. పందిట్లో జనం కిటకిటలాడతాండారు, అందరి కండ్లూ గుర్రప్ప మీద. వెంగమ్మ వంకాయలు తరుక్కుంటా దూరంగా కూచోనుంది. ఆడికి పక్కనించి గుర్రప్ప వీపూ, ఆ వీపెనకోడి మొగమూ కనపడతాయి. వీపెనక ఎవురుంటారు? సుతి పట్టేటాయన. సన్నాయి మేళంలో చూసుంటారు, ఒకాయన ఎనక నిలబడి పొడుగాటి సన్నాయి నోట్లో పెట్టుకోని ఊఁఁ అని ఒకే సురం పట్టుకోనుంటాడు. అదే సుతి. దాంట్లో పాట ఉండదు, పలుకుండదు. ముక్కుతో గాలి తీసుకుంటా బుగ్గల్లో నించి వదులుతా, ఊపిరి తెగకుండా పట్టుకోనుండాల. ఆ సురం మీద నిలబడే ముందరాయన పాటంతా ఊదుతాడు. అయినా ఆ ఎనకాయన్ని ఎవురూ చూడరు. ఆయన పేరు సుంకన్న. గుర్రప్పకు చిన్నాయన కొడుకు. చిన్నప్పుడు చెరుకు గానుగలో చెయ్యి పడి కుడిచేతి వేళ్లు రెండు పాయ. వేళ్లు లేనోడు సన్నాయేం ఊదతాడని సుతి చేతికిచ్చినారు. ముప్పై ఏండ్లయింది. గుర్రప్ప దొడ్లోనే ఉంటాడు, గొడ్లకు మేతేస్తాడు, పిలిస్తే పోయి ఎనక నిలబడతాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ పొద్దు ఏమైందంటే, గుర్రప్ప ఊదతా ఊదతా యాడో ఒకచోట జారినాడు. ఎంత? వెంట్రుకంత. జనమంతా ఆహా అంటానే ఉండారు. సుంకన్న కనుబొమ్మ మాత్రం టక్కుమని ముడిపడింది, అన్నంలో రాయి తగిలినోడికి మాదిరి. వెంగమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆగిపాయ. ఎందుకంటే, పదహైదేండ్లు సన్నాయోడితో కాపరం చేసింది ఆయమ్మ. ఊదేది రాదు గానీ వినేది వచ్చు. ఆ జారింది ఆయమ్మకూ వినపడింది. మళ్లా చూసింది. ఇంకోచోట గుర్రప్ప బో అందంగా ఒక పలుకు పలికినాడు, అప్పుడు సుంకన్న కండ్లు మూసుకోని తల ఇంత ఊపినాడు. మళ్లా ఒకచోట జారితే మళ్లా కనుబొమ్మ. ఆ పెండ్లయ్యేలోపల ఆయమ్మకు నాలుగు జారుళ్లు వినపడినాయి, నాలుగింటికీ ఆ కనుబొమ్మ ముడిపడింది. వంకాయలు పుచ్చులు చూడకుండా వేసేసిందని వంటాయన తిట్టినాడంట గూడా.

మర్నాడు పొద్దన్నే పాపను ఎంటబెట్టుకోని గుర్రప్ప ఇంటికి పాయ. ముందర్నించి కాదు, ఎనక దొడ్డి తలుపు నించి. సుంకన్న బర్రెను కడుగుతాండాడు. ఏమ్మా వెంగమ్మా, అన్న ముందర పంచలో ఉండాడే, అన్నాడు. నీ కోసమే వచ్చినాను సుంకన్నా, నా బిడ్డకు సన్నాయి నేర్పు, అనె. ఆయన అట్ల చూసి, నవ్వులాటకు ఇదేనా చోటు వెంగమ్మా, అని చెయ్యి చాపి చూపించినాడు. మూడు వేళ్ల చెయ్యి. ఈ చేత్తో ఏం నేర్పమంటావు? నేను ఊది చూపిచ్చలేను, అన్నాడు. ఊది చూపిచ్చినాయన్ని చూసొచ్చినాలే, అనె వెంగమ్మ. నాకు ఒక్క సురం తప్ప రాదమ్మా, అన్నాడు. సరే, నిన్న పెండ్లిలో మీ అన్న ఎన్నిచోట్ల జారినాడో చెప్పు, అనె. ఆయన అటూఇటూ చూసినాడు. బర్రె వీపు మీద నీళ్లు పోస్తా, నాలుగు, అని మెల్లగా అన్నాడు. అని మళ్లా ఎంటనే, అయిదనుకో, ఒకటి తాళి కట్టేటప్పుడు, ఆ గోలలో నీకు వినపడి ఉండదులే, అన్నాడు. వెంగమ్మ ఇంగ నెల చూస్తాననలేదు, దినం చూస్తాననలేదు. ఆడే, ఆ పేడలోనే నిలబడి, కొంగు ముడి ఇప్పి ఆకూవక్కా ఆయన చేతిలో పెట్టింది. పాపతో కాళ్లకు మొక్కిచ్చింది. ముప్పై ఏండ్లలో ఆయనకు ఎవురూ తాంబూలం ఇచ్చింది లేదు. ఏడ్చినాడు. మగోడే, ఏడిస్తే ఏమైతాది.

మరి ఎట్ల నేర్పినాడు? అది వినండి. దొడ్లో సాయంత్రం పూట, మేళం లేని దినాల్లో, పాప ఒకతే, ఆయనొక్కడే. ఇంగో పిల్ల లేదు. మొదటి నెల సన్నాయి ముట్టనియ్యలేదు. ఆయన సుతి పట్టుకుంటాడు, పాప నోటితో ఊఁ అని దాన్ని అందుకోవాల. అందుకునేదాకా అదే. రెండో నెల సన్నాయిచ్చినాడు గానీ ఒకే సురం. పుల్లన్న చూసి పోయి అక్కమీద యెగిరినాడు. యేందక్కా ఇది, ఆయనకొచ్చిన ఒక్క ముక్కే పాపకు నేర్పుతాండాడు, తిరనాల్లో ఊఁ అని నిలబడాల్నా, ఇల్లు పోతాది పో, అని. వెంగమ్మకూ అట్లే అనిపిచ్చె గానీ తాంబూలం పెట్టేసింది గదా, ఇంగ మింగలేదు కక్కలేదు. మూడో నెల నించి పాట మొదలుపెట్టినాడు. నోటితో పాడి చెప్పేవాడు, ముప్పై ఏండ్లుగా విన్నదంతా ఆ గొంతులో ఉంది. తరవాత సుతి నోట్లో పెట్టుకునేవాడు. ఇంగ పాప ఊదుకోవాల్సిందే. నోట్లో సన్నాయి ఉన్నోడు తిట్టనూ లేడు, పొగడనూ లేడు, లాక్కోని ఊదనూ లేడు. తప్పితే కనుబొమ్మ. బాగుంటే కండ్లు మూసుకుంటాడు. అంతే. పాప తప్పు పాపే వెతుక్కోవాల. కొన్నాళ్లకు ఏమైందంటే, ఆయన కనుబొమ్మ ముడిపడకముందే పాపకు తెలిసిపోయేది, అయ్యో అని వెనక్కి పోయి మళ్లా ఊదుకునేది. ఒగదినం పుల్లన్న డోలు తెచ్చి, ఊదు పాపా, అంటే పక్కకు చూడలేదు ఆ పిల్ల. నేరుగా ఎత్తుకుంది. పుల్లన్న దరువు తప్పి నిలబడిపాయ. అక్కా, బావ ఊదినట్టుందే, అని అన్నాడంట. వెంగమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

ఇదంతా గుర్రప్పకు తెలీకుండా ఉంటాదా? ఆయన దొడ్లోనే గదా. మొదట నవ్వుకున్నాడు, నా సుతోడి కాడ పాట నేర్చుకుంటాదంట, అని పదిమందికీ చెప్పి నవ్విచ్చినాడు. తరవాత తరవాత ఆ దొడ్లో నించి వచ్చే సన్నాయి విని నవ్వు ఆగిపాయ. తన కాడ తాంబూలం పెట్టని ఆడది, తన బర్రెల కాడ పెట్టింది చూడు, అదీ మంట. తిరనాల వారముండాదనంగా గుడి పెద్దల కాడికి పోయినాడు. ఆ పిల్ల తప్పితే చేనూ ఊడిగం ఎవురికిస్తారు? నాకియ్యండి. ఆ పొద్దు నేనూ ఊదుతా, పక్కన పక్కన పెట్టి వినండి, అన్నాడు. గుర్రప్ప ఊదతానంటే వద్దనేదెవురు? సరే అన్నారు. అయితే సన్నాయి పోటీ అంటే ఎవురి డోలు వాళ్లదే, ఎవురి సుతి వాళ్లదే. వెంగమ్మ మొగుడికి సుతి పట్టే ముసలాయనకు ఉబ్బసం, లేవలేడు. సుంకన్నే పాపకు పడతాడని అందరూ అనుకున్నారు. తిరనాలకు ముందరి దినం గుర్రప్ప, సుంకన్నా, రేపు నువ్వు నా యెనక నిలబడాల, ముప్పై ఏండ్లుగా నిలబడినట్ల, అన్నాడు. ఈయన తల వంచుకోని, సరేన్నా, అనేసినాడు.

వెంగమ్మ దొడ్లోకి వచ్చి అరిచింది చూడు! ఏమయ్యా, మనిషివేనా, ఆకూవక్కా తీసుకున్న చెయ్యేనా ఇది, సుతి లేకుండా బిడ్డ ఎట్లూదాల, నీళ్లు లేకుండా ఈదమంటావా, అని. ఆయన, అన్న తిండి తిన్నాను వెంగమ్మా, నిలబడమంటే నిలబడాల, అని మాత్రం అన్నాడు. నువ్వు నిలబడు, నా కొంపారిపోనీ, అని ఆయమ్మ చీపురు ఇసిరికొట్టి ఇంటికొచ్చి సామాన్లు మూట కట్టబట్టె. సాయంత్రానికి ఇల్లు కాళీ చెయ్యాల గదా, ముందే కట్టుకుందామని. పెంచలమ్మ మాత్రం ఒక మూల కూచోని సన్నాయి తుడుచుకుంటాంది. భయమేస్తాందా పాపా అంటే, ఏస్తాందిమా అనె. దాచుకోలేదు పాపం.

తిరనాల పొద్దు. సూర్యుడు అప్పుడే కొండ మీద ఇంత కనపడతాండాడు. గర్బగుడి తలుపులు మూసుండాయి, ముందర అర్చకుడు ప్రసాదం గుడ్డ పళ్లెంలో పెట్టుకోని నిలబడినాడు. ఎవురి ఊదుడు నిలుస్తాదో వాళ్ల తలకు ఆ గుడ్డ చుడతారు, ఇంగ ఊడిగం వాళ్లది. అదీ ఆ గుడి పద్ధతి. ఒకపక్క గుర్రప్ప, ఎనక సుంకన్న. ఇంకోపక్క పెంచలమ్మ, పుల్లన్న డోలు. పాప ఎనక మాత్రం ఎవురూ లేరు. పెద్దోడు ముందర ఊదాలన్నారు. గుర్రప్ప కండ్లు మూసుకోని ఎత్తుకున్నాడు. దేవుడి దయ, ఏమూదినాడో ఆ పొద్దు! జనం ఒళ్లు మర్చిపాయ. వెంగమ్మ గూడా, ఇల్లు పోతే పోయిందిలే ఇట్లాంటి ఊదుడికి, అనుకునిందంట ఒక్క నిమిషం. ఊది ముగిచ్చి, సన్నాయి దించి, పాపకల్ల చూసి మీసం తుడుచుకున్నాడు.

గుర్రప్ప దించినాడు. సుంకన్న దించలేదు. ఊఁఁ అని అట్లే పట్టుకోనుండాడు. మొదట ఎవురికీ తెలీలేదు. గుర్రప్ప ఎనక్కి తిరిగి, చాల్లేరా, అన్నాడు. సుంకన్న కండ్లు మూసుకున్నాడు. రేయ్, ఆపరా! ఆపడు. ఆపనని అన్నాడా? అనలేదు. నోట్లో సన్నాయి ఉన్నోడు ఏమని చెప్తాడు? అన్న యెనక నిలబడమన్నాడు, నిలబడినాడు. ఎప్పుడు ఆపాలో అన్న చెప్పలేదు గదా ముందర దినం. అర్థమైందా మీకు? పాపకు సుతి లేకుండా చేద్దామని గుర్రప్ప సుంకన్నను తెచ్చి నిలబెట్టినాడు, ఆ తెచ్చిందే పాపకు సుతైపాయ. గాలిలో ఉన్న సురాన్ని ఇది నాది, నువ్వు వాడుకోవద్దు, అని ఎవురు చెప్పగలరు? అంతలో పెంచలమ్మ ఆ సురం మీద అడుగు పెట్టేసింది.

గుర్రప్పంత ఊదిందా? ఊదలేదు. అబద్దం చెప్పను. పద్నాలుగేండ్ల పిల్ల, ఆయన యాడ, ఇదియాడ. ఆయన దగ్గర ఉన్న జిలుగులేమీ లేవు. మేలుకొలుపును మేలుకొలుపుగా ఊదింది. పొద్దన్నే నిద్ర లేపేది ఎట్లుండాల, అట్ల. అరిచి లేపలేదు, పక్కన కూచోని మెల్లగా లేపింది. నడిమిన ఒకచోట తప్పింది, ఔను, తప్పింది. తప్పి, ఆగలేదు, పక్కకు చూడలేదు. తనే విని, తనే వెనక్కిపోయి, సరిచేసుకోని ముందుకుపాయ. ఎనక సుంకన్న బుగ్గల మీద నీళ్లు కారతాండాయి, ఊపిరి మాత్రం తెగలేదు. ఎంతసేపో తెలుసునా, గుర్రప్పదీ పాపదీ రెండు పాటలు ఒకే ఊపిరి. పాట ఆఖరుకొచ్చేసరికి అర్చకుడు తనకు తెలీకుండానే తలుపు తీసేసినాడు. దినామూ పెంచలమ్మ నాయన ఆ పలుకు ఊదతానే తలుపు తీసేవాడంట, ఆ అలవాటున చెయ్యి దానంతటదే పాయ. తలుపు తెరుచుకున్నాక ఇంగ పంచాయితీ ఏముంది? ప్రసాదం గుడ్డ తెచ్చి పాప తలకు చుట్టినారు. అది పెద్దదై కండ్ల మీదికి జారితే వెంగమ్మ పోయి ఎత్తి కట్టింది. తప్పుల్లేకుండా అన్నాం గదా అని ఒక పెద్దాయన సన్నగా నసిగినాడు గానీ, తప్పు ఏదో చెప్పయ్యా చూద్దాం అంటే చెప్పలేకపాయ. ఆయనకేం వినపడింది?

జనమంతా పాప చుట్టూ మూగినారు. అప్పుడు సుంకన్న మెల్లగా సుతి దించి, మూతి తుడుచుకోని నిలబడినాడు. గుర్రప్ప ఎదురుగ్గా వచ్చి నిలబడె. కొడతాడనుకున్నారు అందరూ. ఆయన ఒక్కటే అడిగినాడు. ఒరే, ముప్పై ఏండ్లు నా కండ్ల ముందర ఉండావు, ఇదంతా యాడ నేర్చుకున్యావురా, అని. సుంకన్న, నీ కండ్ల ముందర యాడున్యానన్నా, నీ యెనకాల గదా ఉన్యాను, ఆడే నేర్చుకున్యా, అన్నాడు. ఎక్కిరింపుగా కాదు. ఉన్నమాట అన్నాడు. గుర్రప్ప తన సన్నాయి చంకలో పెట్టుకోని కొండ దిగి పోయినాడు.

పది దినాలైనాక, సాయంత్రం పూట, సుంకన్న పెంచలమ్మకు చెప్తాంటే దొడ్డి తలుపు కాడ ఎవురో దగ్గినారంట. చూస్తే గుర్రప్ప. తన ఇంటి దొడ్లోకి తనే దగ్గి వచ్చినాడు. ఒకచేత్తో మనవన్ని పట్టుకోనుండాడు, ఇంకోచేతిలో ఆకూవక్కా. సుంకన్నా, వీనికి గూడా చెప్పరా, అన్నాడు. సుంకన్న ఎదురుపోయి, అన్నా, నాకు ఒకరి తరవాత ఒకరికే చెప్పేది వస్తాది, ముందర పాపది అయిపోనీ, అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందిరా? ఆరేడేండ్లు పట్టొచ్చున్నా. సరే, కూచుంటాంలే, అని గుర్రప్ప బర్రెల గాడి పక్కన మనవన్ని ఒళ్లో పెట్టుకోని కూచున్నాడంట. అందరూ ఈ కత చెప్పి సుంకన్నను మెచ్చుకుంటారు, వెంగమ్మను మెచ్చుకుంటారు. మెచ్చుకోండి, నేను వద్దన్నానా? నాకు మాత్రం గుర్రప్పే గొప్పోడనిపిస్తాడు. అంత పేరున్నోడు, ఆ వయసులో, తమలపాకులు చేతబట్టుకోని తమ్ముడి ముందర ఆ పేడలో నిలబడినాడు చూడు, నేను నిలబడగలనా? నాకైతే మా కోడలు రాగిసంగటి నాకన్నా బాగా గెలుకుతాదని తెలిసి పదేండ్లయింది, ఇంతవరకూ ఆ మాట దాని ముందర నోట్లోనించి రాలేదు. ఉష్, అది వస్తాంది, ఊరుకోండి.